ఆమెలో ఏ మార్పూ లేదు

మా చిన్నప్పుడు వేసవి సెలవుల్లో మా ఊళ్ళోకి ఒకతను సైకిల్ మీద వచ్చేవాడు. తణుకు దగ్గర చిన్న ఊరు మాది. సైకిల్ వెనక కట్టిన గంపలో రంగు రంగుల కోడిపిల్లలుండేవి. గులాబీరంగువి, ఆకుపచ్చవి, వంగపండు రంగువి. పాత ఇనప సామానిచ్చినా, తెగిపోయిన ప్లాస్టిక్ చెప్పులిచ్చినా ఒక పిల్లనిచ్చేవాడు. మేం ముగ్గురం అక్కచెల్లెళ్ళం. ఒకసారి మూడు పిల్లల్ని తీసుకున్నాం. అట్టపెట్టెలో పాతచీర ముక్క పరిచి, నూకలు వేసి, రాత్రి పిల్లి రాకుండా పైన జల్లెడ బోర్లించి పడుకున్నాం. నాలుగో రోజుకి ఒక్కటీ మిగల్లేదు. పెద్దక్క జామచెట్టు కింద గొయ్యి తీసి మూడింటినీ పాతిపెట్టింది. నేను ఏడుపు ఆపకపోయేసరికి అమ్మ విసుక్కుంది. "పుంజుపిల్లలే అవి. ఫారం వాళ్ళు పారేసేవి. పెట్టలైతే చెప్పులకి ఇస్తాడటే?"

ఆ మాటకి అర్థం నాకు చాలా ఏళ్ళకి గాని తెలియలేదు. తెలుగు కథల్లో గర్భం, ప్రసవం అన్న అంశం మీద పీహెచ్‌డీ చేస్తున్న రోజుల్లో లింగనిర్ధారణ పరీక్షల గురించి మన దేశంలో జరిగిన చర్చలన్నీ చదవాల్సి వచ్చింది. ఆ చదువు బుర్రలో ఉండగానే 2022 డిసెంబరులో ఇజ్రాయెల్ నుంచి ఒక వార్త వచ్చింది. అది కోళ్ళ గురించిన వార్త. సైన్సు పేజీలో చదివి పక్కన పెట్టేయాల్సింది. పెట్టలేకపోయాను. ఈ వ్యాసం అందుకే.

వార్త అర్థం కావాలంటే ముందు హేచరీ సంగతి చెప్పుకోవాలి. గుడ్ల కోసం పెంచే కోళ్ళు వేరు, మాంసం కోసం పెంచే కోళ్ళు వేరు. గత శతాబ్దంలో ఈ రెండు రకాల్నీ ఎంచి ఎంచి విడివిడిగా తయారుచేశారు. బ్రాయిలర్‌లో పుంజైనా పెట్టైనా ఒకటే, ఆరేడు వారాల్లో కోతకొస్తాయి. లేయర్ రకంలో పెట్ట ఏడాదికి 300కు పైగా గుడ్లు పెడుతుంది. దాని తోడబుట్టిన పుంజు గుడ్డు పెట్టదు, తిన్న దాణాకి తగ్గట్టు కండా పట్టదు. అందుకని పిల్ల గుడ్డులోంచి బయటపడ్డ రోజే రెక్క విప్పి ఈకల పొడవు చూసో, వెనక నొక్కి చూసో ఏది ఆడదో ఏది మగదో తేలుస్తారు. పెట్టలు ఒక ట్రేలోకి, పుంజులు మరో ట్రేలోకి. ప్రపంచం మొత్తం మీద ఏటా సుమారు 700 కోట్ల పుంజుపిల్లల్ని ఇలా పుట్టినరోజే చంపేస్తున్నారని అంచనా. చాలా చోట్ల బతికుండగానే మరలో వేసి నలిపేస్తారు, కొన్నిచోట్ల గ్యాసు పెడతారు. మన దేశంలో వాటిలో కొన్ని రంగు పులిమించుకుని వీధుల్లోకి వస్తాయి. మా జామచెట్టు కిందకి వచ్చినవి అవే.

ఇజ్రాయెల్‌లోని వోల్కానీ పరిశోధన కేంద్రంలో యువల్ సిన్నమన్ అనే శాస్త్రవేత్త బృందం ఈ చావుని తప్పించే కోడిని తయారుచేశామని ప్రకటించింది. దానికి 'గోల్డా' అని ఆడపేరు పెట్టారు. దీని కిటుకంతా క్రోమోజోముల్లో ఉంది. మనుషుల్లో బిడ్డ ఆడో మగో తండ్రి నుంచి వచ్చే క్రోమోజోమ్ తేలుస్తుంది. ఆడపిల్ల పుడితే కోడలిది తప్పు కాదని ఊరూరా గోడల మీద రాసి మరీ చెప్పుకున్నాం. పక్షుల్లో ఇది తిరగబడి ఉంటుంది. పుంజుకి రెండు జెడ్ క్రోమోజోములు, పెట్టకి ఒక జెడ్, ఒక డబ్ల్యూ. పెట్ట తన డబ్ల్యూని కూతురికిస్తుంది, తన జెడ్‌ని కొడుక్కిస్తుంది. అంటే తల్లి జెడ్‌లో ఏదైనా రాసిపెడితే అది కొడుకులకే చేరుతుంది, ఒక్క కూతురికీ చేరదు. గోల్డా జెడ్‌లో రాసిపెట్టింది కొడుకు మరణం. గుడ్ల మీద కొన్ని గంటలపాటు నీలిరంగు కాంతి పడేలా చేస్తే ఆ రాత మేలుకుంటుంది. మగపిండం ఎదుగుదల తొలిదశలోనే ఆగిపోతుంది. ఆడపిండం మామూలుగా పొదగబడి పిల్లవుతుంది.

ఇందులో నన్ను పట్టి నిలబెట్టింది ఒక హామీ. ఈ పద్ధతిలో పుట్టిన పెట్టల్లో బయటి జన్యువేదీ ఉండదనీ, అవి పెట్టే గుడ్లు ఇప్పుడు మనం తింటున్న గుడ్లలాంటివేననీ వాళ్ళు గట్టిగా చెప్తున్నారు. మార్పు తల్లిలో ఉంది, పుట్టని కొడుకులో ఉంది. కూతురిలో ఏ మార్పూ లేదు. జన్యుమార్పిడి ఆహారమంటే బెదిరే వాళ్ళకి ఇది భరోసా. జంతు సంక్షేమం కోసం పనిచేసే కంపాషన్ ఇన్ వరల్డ్ ఫార్మింగ్ వంటి సంస్థ కూడా దీన్ని మంచి పరిణామమనే అంది. మరి నాకెందుకు మింగుడు పడటం లేదు?

మొదట నన్ను నేను అనుమానించుకున్నాను. ఆడ, మగ అని ముందే తెలుసుకుని ఒకదాన్ని ఆపేయడమనగానే మనకి గుండె గతుక్కుమంటుంది. అలవాటైన భయమే కోళ్ళగూట్లోకి కూడా వచ్చిందేమో. అందుకని ఆ పాత చర్చల్ని మళ్ళీ తీశాను.

ఉమ్మనీటి పరీక్ష 1970ల నడుమ ఢిల్లీలోని ఎయిమ్స్‌లో జన్యులోపాలు కనిపెట్టడానికని మొదలైంది. కొన్నేళ్ళలోనే అది ఆడపిండాల్ని ఏరిపారేసే సాధనమైపోయింది. 1983లో ఎకనమిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో ఆర్థిక చరిత్రకారిణి ధర్మా కుమార్ ఒక ఇబ్బందికరమైన ప్రశ్న వేశారు. పుట్టాక తిండి పెట్టక, మందు ఇప్పించక ఆడపిల్లని చావనివ్వడం కంటే పిండంగా ఉన్నప్పుడే తీసేయడం నయం కాదా అన్నది ఆ ప్రశ్న సారాంశం. ఆడవాళ్ళు తగ్గితే వాళ్ళ విలువ పెరుగుతుందేమో అని కూడా ఆమె అన్నారు. ఆ ఏడే, ఆ పత్రికలోనే లీలా దూబే జవాబిచ్చారు. కరువైన సరుక్కి ధర పెరుగుతుందేమో గాని కరువైన స్త్రీకి గౌరవం పెరగదనీ, ఎత్తుకుపోవడాలూ కొనుక్కోవడాలూ పెరుగుతాయనీ ఆవిడ వాదన. తర్వాతి కాలంలో పెళ్ళికూతుళ్ళని దూర రాష్ట్రాల నుంచి డబ్బిచ్చి తెచ్చుకునే హర్యానా పల్లెల గురించి చదివినప్పుడల్లా నాకు దూబే గుర్తొస్తారు.

ఇప్పుడు కోళ్ళ విషయంలో వినబడుతున్నది ధర్మా కుమార్ వాదనే. పుట్టాక మరలో పడటం కంటే పిండంగా ఉండగానే ఆగిపోవడం నయం. మనుషుల విషయంలో ఆ వాదనని కాదన్నాం. కోళ్ళ విషయంలో ఏ మొహం పెట్టుకుని అవుననాలి, ఏ మొహం పెట్టుకుని కాదనాలి?

నేను మూడో ఆడపిల్లని. ఒకసారి అమ్మ చిక్కుడుకాయలు గిల్లుతూ మామూలుగా అంది: "అప్పటికి మన ఊళ్ళో స్కానింగు లేదమ్మా. ఉంటే మీ నానమ్మ ఊరుకునేదా?" కోపంతో అన్న మాట కాదు, బాధపెట్టాలని అన్నదీ కాదు. ఆ ఏడు వానలు పడలేదు అన్నట్టు చెప్పింది. ఆ నానమ్మే తర్వాత నన్ను తన మంచం మీద పడుకోబెట్టుకుని కథలు చెప్పింది. చివరి రోజుల్లో నా చేత్తో తప్ప మందు మింగలేదు. అక్కర్లేని బిడ్డ అక్కర్లేనిదిగానే ఉండిపోతుందన్న నమ్మకం మీద నిలబడింది ధర్మా కుమార్ ప్రశ్న. నేను పుట్టి, ఏడ్చి, నవ్వి ఆ లెక్కని తారుమారు చేశాను. పుట్టిన పిల్లకి ఆ అవకాశం ఉంటుంది. అయితే ఈ మాటని గర్భస్రావ హక్కుకి వ్యతిరేకంగా వాడటానికి నేను ఒప్పుకోను. వద్దనుకున్న గర్భాన్ని తీసేయించుకునే హక్కు స్త్రీకుందని అంటాం, లింగ ఎంపిక తప్పనీ అంటాం. ఈ రెండు మాటల్నీ ఒకే నోటితో అనడంలో ఉన్న చిక్కుని నివేదితా మీనన్ 2004లో వచ్చిన తన 'రికవరింగ్ సబ్‌వర్షన్' పుస్తకంలో విప్పి చూపించారు. ఆ చిక్కు పూర్తిగా వీడిందని నేననుకోను.

కానీ మన చట్టంలోనే ఒక దారి కనబడుతుంది. 1988లో మహారాష్ట్ర, 1994లో కేంద్రం లింగనిర్ధారణ పరీక్షల మీద చట్టాలు చేశాయి. 2003లో కేంద్ర చట్టంలో చేసిన సవరణ గర్భం రాకముందే ఆడో మగో ఎంచుకునే పద్ధతుల్ని కూడా నిషేధించింది. ఆలోచించి చూడండి. అక్కడ ఏ పిండమూ లేదు. చచ్చిపోయేది ఏదీ లేదు, నొప్పి పడేది ఎవరూ లేరు. అయినా తప్పే అన్నాం. ఎందుకన్నాం? మన అభ్యంతరం పిండం చావు మీద కాదు గనక. ఆడదనగానే విలువ తక్కువని తీర్పు చెప్పే కొలత మీద గనక. ఆ కొలత గర్భంలోని వాళ్ళ దగ్గర ఆగదు. బతికున్న ఆడవాళ్ళందరి మీదా పనిచేస్తుంది. స్కానింగు జరగని ఇంట్లో కూడా మూడో ఆడపిల్ల కంచంలోకి పాలు ఎంత పోయాలో అదే చెప్తుంది.

ఈ తర్కాన్ని తీసుకెళ్ళి సరాసరి కోళ్ళ మీద పెడితే నిలబడదు. పుంజుపిల్లలు తక్కువయ్యాయని కోళ్ళ సమాజంలో ఏ అనర్థమూ జరగదు. తన జాతికి విలువ లేదని ఏ పుంజూ కుమిలిపోదు. అవమానం జరగాలంటే అవమానపడేవాళ్ళు ఉండాలి. పైగా స్త్రీనీ కోడినీ ఒక వాక్యంలో పెట్టగానే మనలో చాలామంది ముడుచుకుంటాం. అందులో న్యాయముంది. మన భాషే ఆ పని ఎప్పుడో చేసిపెట్టింది. తెలుగు వ్యాకరణంలో పురుషుడు మహత్తు. ఏకవచనంలో స్త్రీ, పశుపక్ష్యాదులు, చెట్టూ చేమా ఒక కోవ. అతను వచ్చాడు. ఆమె వచ్చింది, కోడి వచ్చింది, వాన వచ్చింది. క్రియ దగ్గరికొచ్చేసరికి నాకూ పెట్టకీ తేడా లేదు. ఈ పోలికని వదిలించుకోవడానికి ఎంతో కష్టపడ్డవాళ్ళం, మళ్ళీ మనంతట మనం ఎందుకు తగిలించుకోవాలి?

కరోల్ ఆడమ్స్ 1990లో తన 'ద సెక్సువల్ పాలిటిక్స్ ఆఫ్ మీట్' పుస్తకంలో పాలనీ గుడ్లనీ కలిపి, ఆడశరీరాల నుంచి పిండుకునే మాంసకృత్తులన్న అర్థంలో ఒక పేరు పెట్టారు. ఆ పేరు నన్ను చాలాకాలం వెంటాడింది. కానీ ఆమె వాదనని అలాగే తెచ్చి ఇక్కడ నాటలేం. మన దేశంలో మాంసం మానేసిన వాడు పితృస్వామ్యాన్ని మానేశాడని ఎవరూ అనరు. ఎవరి కంచంలో ఏముండాలో శాసించేది కులం. 2015లో మధ్యప్రదేశ్ ప్రభుత్వం అంగన్‌వాడీల్లో గుడ్డు పెట్టడానికి ఒప్పుకోలేదు. అక్కడ గుడ్డుని కాదన్నది కోడి మీద జాలితో కాదు. అదే ఏడు జనవరిలో తెలంగాణలో మొదలైన ఆరోగ్యలక్ష్మి పథకంలో గర్భిణులకీ బాలింతలకీ భోజనంతో పాటు రోజూ గుడ్డు పెడుతున్నారు. రక్తం లేక పాలిపోయిన మనిషికి ఆ గుడ్డు ఏమిటో తెలిసినవాళ్ళెవరూ గుడ్డు మానేయండని తేలిగ్గా అనలేరు. నేనూ అనను. ఆ గుడ్డు అంత చవగ్గా దొరకడానికీ, పుట్టినరోజే పుంజుని పారేయడానికీ సంబంధముందని మాత్రం అంటాను. రెండూ ఒకే లెక్కలోవి.

ఇక నొప్పి సంగతి. దాన్ని పక్కన పెట్టి మాట్లాడే హక్కు నాకు లేదు. బతికున్న పిల్ల మరలో పడటం, ఇంకా నరాలు కట్టని పిండం ఆగిపోవడం ఒకటి కావు. 2019 జూన్‌లో జర్మనీ పాలనా వ్యవహారాల అత్యున్నత న్యాయస్థానం, లాభం ఒక్కటే పుంజుపిల్లని చంపడానికి సబబైన కారణం కాదని తీర్పు చెప్పింది. వేరే పద్ధతి వచ్చేవరకు గడువు మాత్రం ఇచ్చింది. 2022 జనవరి నుంచి అక్కడ నిషేధం అమలైంది. అంతకు ముందు ఆ ఒక్క దేశంలోనే ఏటా దాదాపు 4.5 కోట్ల పిల్లల్ని చంపేవారు. ఇప్పుడు గుడ్డులో ఉండగానే లింగం కనిపెట్టి మగవాటిని తీసేస్తున్నారు. అదీ పొదుగు మొదలైన 12వ రోజు దాటకుండా తీసేయాలని నియమం, 13వ రోజుకు ముందు పిండానికి నొప్పి తెలియదన్న పరిశోధన ఆధారంగా. గోల్డా పద్ధతిలో అంత దాకా కూడా ఆగక్కర్లేదు. ఇవన్నీ చిన్న విషయాలు కావు. ఆ మూడు పిల్లలు అట్టపెట్టెలో తల వాల్చి ఒకదాని మీద ఒకటి ఒరిగిపోవడం చూసినదాన్ని, అలాంటివి కోట్లాదిగా తగ్గుతాయంటే వద్దని ఎలా అంటాను?

వద్దనను. కానీ దాన్ని నైతిక సమస్యకి పరిష్కారమంటే మాత్రం ఆగమంటాను. ఎందుకంటే కొడుకు సంగతి తేలిపోయాక కూతురి సంగతి ఎవరూ ఎత్తడం లేదు.

కూతురు ఎలా బతుకుతోంది? పెంకుకి కావలసిన సున్నం ఆమె ఒంట్లోంచే రావాలి. తిండితో చాలకపోతే ఎముకల్లోంచి వస్తుంది. మన అమ్మమ్మల నడుములూ మోకాళ్ళూ ఎరిగున్న మనకి ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. 2021లో డెన్మార్క్ పరిశోధకులు 40 మందల్లో సుమారు 4,800 గుడ్ల కోళ్ళని పరీక్షిస్తే నూటికి 85 కోళ్ళకి రొమ్ము ఎముక విరిగి ఉంది. అవి పంజరాల్లో కుక్కినవి మాత్రమే కావు, ఆరుబయట తిరిగే మందల్లోనూ అంతే. మన దగ్గర పంజరం కోడికి దక్కే చోటు ఏ4 కాగితమంత కూడా ఉండదు. రెక్క చాపడానికి లేదు, గుడ్డు పెట్టేముందు గూడు వెతుక్కోవడానికి లేదు. 2017లో లా కమిషన్ తన 269వ నివేదికలో ఈ పంజరాల గురించే రాసింది. ఏడాదిన్నరకో కాస్త అటూ ఇటుగానో గుడ్లు తగ్గగానే ఆమె కూడా కోతకి పోతుంది. పుట్టినరోజు తమ్ముణ్ణి పారేసిన కొలతే అక్కని అన్నాళ్ళు ఉంచుతుంది, ఆ కొలతే చివరికి పంపేస్తుంది. ఆమెని ఎంచుకున్నది ఆమె మీద ప్రేమతో కాదు.

నేను వెతుకుతున్న పోలిక ఇక్కడ దొరికింది. లింగ ఎంపికలో దెబ్బ పుట్టని వాళ్ళ మీద కంటే పుట్టినవాళ్ళ మీద ఎక్కువ పడుతుందని కదా అన్నాం. కోళ్ళలోనూ అంతే. నీలికాంతి కింద ఆగిపోయిన పుంజుకి ఏమీ తెలియదు. దాని విలువ కట్టిన కొలత కింద ఏడాదిన్నర బతకాల్సింది పెట్ట. ఇక్కడ తిరస్కరించింది మగని కాబట్టి ఇది పితృస్వామ్యం కాదనుకుంటే పొరపాటు. ఆడదాన్ని వద్దనడం, ఆడదాన్ని కడుపు కోసమే కావాలనడం ఒకే చూపులోంచి పుడతాయి. కోడలికి ఆడపిండం తీయించిన ఇల్లే మగపిల్లాడి కోసం ఆమె కడుపుని నెత్తిన పెట్టుకుంటుంది.

మా గోదావరి జిల్లాల్లో పుంజుకి విలువ లేదని ఎవరన్నారు? సంక్రాంతి పందేల కోసం పెంచే డేగకీ కాకికీ నెమలికీ బాదంపప్పు పెట్టి, ఈత కొట్టించి, పసిబిడ్డని సాకినట్టు సాకుతారు. వేలకి వేలు పోసి కొంటారు. అక్కడ పుంజే మహరాజు, పెట్ట పేరు కూడా ఎవరూ ఎత్తరు. చివర్న దాని కాలికి కత్తి కడతారు. ఒకే జిల్లాలో ఒక పుంజు పుట్టినరోజే చెత్త, ఇంకో పుంజు బరిలో దిగేదాకా దొర. ఆడా మగా అన్నది సాకు. దేనికి పనికొస్తుందన్నదే ప్రశ్న. ఆ ప్రశ్నకి జవాబుగా ఉన్నంతకాలం ఎవరి బతుకూ వాళ్ళది కాదు.

తత్వవేత్త పాల్ థాంప్సన్ దీన్ని మరో వైపు నుంచి చూపించారు. పుట్టుగుడ్డి కోళ్ళు కిక్కిరిసిన షెడ్లలో మామూలు కోళ్ళంత ఇబ్బంది పడవని గమనించారు. అలాంటప్పుడు, బాధ తగ్గించడమే లక్ష్యమైతే కోళ్ళన్నిటినీ గుడ్డివిగా పుట్టించొచ్చు కదా? 2008లో రాసిన వ్యాసంలో ఆయన దీన్ని గుడ్డికోడి సమస్య అన్నారు. బాధ తగ్గుతుందన్న మాట కాదనలేం, అయినా మనసు ఒప్పుకోదు. 2002లో ఇజ్రాయెల్‌లోనే అవిగ్దోర్ కహానర్ అనే శాస్త్రవేత్త వేడి దేశాల కోసం ఈకలు లేని కోడిని తయారుచేశారు. అది జన్యుసవరణ కాదు, పాతకాలపు సంకరమే. కాబట్టి తప్పంతా కొత్త పరికరానిదని నేననడం లేదు. జన్యువుల్ని కత్తిరించే క్రిస్పర్ పద్ధతికి 2020లో జెన్నిఫర్ డౌడ్నా, ఇమ్మాన్యుయెల్ షార్పెంటియర్ అనే ఇద్దరు స్త్రీలకి నోబెల్ వచ్చినప్పుడు సంబరపడ్డవాళ్ళలో నేనూ ఉన్నాను. ఇప్పుడూ ఆ సంబరం పోలేదు. పరికరం ఎవరి చేతిలో పుట్టినా, దానికి మనం వేసే ప్రశ్న ముఖ్యం. షెడ్డు వేడిగా ఉందంటే ఈకలు పీకే ప్రశ్న ఒకటి, షెడ్డు మార్చే ప్రశ్న ఒకటి. మొదటిదే ఎప్పుడూ ముందుగా వినబడుతుంది. ఇంట్లో దెబ్బలు తినే కూతురికి ఓర్పు నేర్పడం కూడా ఆ మొదటి రకం ప్రశ్నకి జవాబే.

మరి రెండో రకం ప్రశ్నకి జవాబుందా? హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ పెరటి పెంపకానికని వనరాజా అనే రకాన్ని తయారుచేసింది. పెట్ట గుడ్లకి, పుంజు కూరకి. రెండూ పెరుగుతాయి, పుట్టినరోజే ఏరి పారేయాల్సిన పని లేదు. పల్లెల్లో పెరటికోళ్ళు ఎక్కువగా ఆడవాళ్ళ చేతిలో ఉంటాయి. గుడ్లమ్మిన డబ్బు మగవాళ్ళ లెక్కలోకి రాదు. మా అమ్మమ్మ కొంగుముడిలో ఉండే చిల్లర అదే. కానీ ఇక్కడ ఆగి స్వర్గం దొరికిందని అంటే నన్ను నేను మోసం చేసుకోవడమే. వనరాజా ఏడాదికి నూరు, నూట పది గుడ్లు పెడుతుంది. ఫారం కోడి మూడువందల పైచిలుకు. తేడా ఎవరు భరించాలి? గుడ్డు ధర పెరిగితే మొదట ఎవరి కంచంలోంచి పోతుందో మనకి తెలుసు. వేలం పాటలో గెలిచిన కాంట్రాక్టరు అంగన్‌వాడీకి పంపే గుడ్డు ఇంకా చిన్నదవుతుంది. పెరటి కోడి పనీ ఆడవాళ్ళ నెత్తినే పడుతుంది. పైగా అమ్మమ్మ కూడా పండక్కి పుంజుని కోయించేది. కోసే ముందు దాన్ని పేరు పెట్టి పిలిచేది, అంతే తేడా. ఆ తేడా చిన్నదో పెద్దదో నేనింకా తేల్చుకోలేకపోతున్నాను.

కాబట్టి నా దగ్గర తీర్పు లేదు, ఒక పట్టుదల మాత్రం ఉంది. పుంజుపిల్ల మరలో పడకుండా చేసే పద్ధతి వస్తే రానివ్వండి. కానీ ఆ పద్ధతి చేతులు కడుక్కోవడానికి నీళ్ళు కాకూడదు. కంటికి కనబడే చావు పోయాక అడిగేవాళ్ళు తగ్గుతారు. రంగు పులిమిన పిల్ల వీధిలోకి వచ్చినంతకాలం ఏ ఇంట్లోనో ఒక పిల్ల ఏడుస్తుంది, ఇవి ఎక్కడివని అడుగుతుంది, ఎవరో ఒక అమ్మ విసుక్కుంటూనైనా నిజం చెప్తుంది. నీలికాంతి కింద ఆ ప్రశ్న కూడా పుట్టకుండా ఆగిపోతుంది. ఆడపిండాల లెక్కని పత్రికల్లో పెట్టి ఊరుకోకుండా, పుట్టిన ఆడపిల్ల కంచంలోకి తొంగిచూడటం మన ఉద్యమం నేర్పిన పని. ఇక్కడా చేయాల్సింది అదే. మిగిలిపోయిన పెట్ట కాళ్ళ కింద చోటెంత, ఆమె ఎముకలెలా ఉన్నాయి, ఆమె పెట్టిన గుడ్డు ఎవరి దాకా చేరింది అని అడగడం.

మొన్న అమ్మతో ఫోన్లో ఈ గోల్డా సంగతి చెప్పాను. ఓపిగ్గా వింది. పుంజులు ఇక పుట్టనే పుట్టవు, చంపాల్సిన పని లేదు, పెట్టలకి ఏ తేడా ఉండదు అన్నాను. కాసేపు ఏమీ అనలేదు.

"పెట్టలకి ఏ తేడా లేదా?" అంది తర్వాత.

"లేదమ్మా. అదే గొప్పని చెప్తున్నారు."

"పాపం," అంది అమ్మ.